గురువారం నొక్కిన ఏడుపు మొహం

మా చిన్నది ఎప్పుడూ ఒకే రంగు లిప్‌స్టిక్ వేసుకునేది. ఇటుక రంగు. కొత్త ఇటుక కాదు, వానలో తడిసి ఆరిన ఇటుక. కంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి చీటీలు రాసిచ్చే ఉద్యోగం దానిది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఆ రంగు పూసుకుని, పెదాలు లోపలికి మడిచి ఒక్కసారి అదిమి వదిలేది. నేను ఊరుకునేదాన్నా?

"గోడ కట్టడానికి వెళ్తున్నావా తల్లీ, మూతికి ఇటుకపొడి పూసుకున్నావు?" అనేదాన్ని.

"నీ నోరే కదమ్మా నాకొచ్చింది. గోడ కట్టకపోతే అది ఆగుతుందా?" అనేది.

నిజమే, అది నా నోరే. కింది పెదవి కాస్త ఎడమపక్కకి వాలి ఉంటుంది ఇద్దరికీ. పుట్టినప్పుడే మంత్రసాని చూసి, కళ్ళు ఎవరివో తెలీదు గానీ నోరు మాత్రం తల్లిదే అంది. కళ్ళు వాళ్ళ నాన్నవని తర్వాత తేలింది.

అది పోయి ఏడాదిన్నర అయింది. ఆసుపత్రిలో ఇరవై మూడు రోజులు ఉంది. చివర్లో మమ్మల్ని లోపలికి పిలిచి చూపించే ముందు, అక్కడ పనిచేసే ఎవరో పాపం మంచి మనసుతోనే దాని మొహం తుడిచి, జుట్టు సర్ది, పెదాలకి రంగు వేశారు. గులాబీ రంగు. చిన్నపిల్లల రిబ్బన్లు ఉంటాయే, అలాంటి గులాబీ. బతికుండగా దాని చేతిలో పెడితే "ఛీ, ఇదేం రంగమ్మా" అని అవతల పారేసేది. నా చేతిలో చేతిరుమాలు ఉంది. తడిపి తుడిస్తే పోయేది. కానీ చుట్టూ అందరూ ఉన్నారు, ఏమనుకుంటారో అని నేను తుడవలేదు. అలాగే పంపించేశాను.

ఆ తర్వాత కళ్ళు మూసుకుంటే చాలు, ఆ గులాబీ నోరే కనబడేది. నలభై ఒక్క ఏళ్ళు చూసిన మొహం పోయి, ఐదు నిమిషాలు చూసిన మొహం మిగిలింది నాకు.

దాని హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ దొరికింది. అరిగిపోయి గొట్టం అడుగున గోరంత ఉంది. ఆ ముక్కని నేను తాకను. వాలుగా అరిగి ఉంది, దాని పెదవి వాలినట్టే. దాన్ని చెరిపేస్తే ఇంకేం మిగులుతుంది? నాకు కావలసింది అలాంటిదే కొత్తది ఒకటి. నా పెదాలకి పూసుకుని ఒక్కసారి అద్దంలో చూసుకోవాలి. నోరు ఎలాగూ నాదే కాబట్టి, రంగు కూడా అదే అయితే దాన్ని సరిగ్గా చూసినట్టు ఉంటుంది. ఆ గులాబీ మొహం పోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఈ మాట. డెబ్బై నాలుగేళ్ళ ముసలిది లిప్‌స్టిక్ కొనుక్కుంటానంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

అందుకని ఒక గురువారం మందులకని చెప్పి బయల్దేరి, బస్టాండు ఎదురుగా ఉన్న ఆ పెద్ద సౌందర్య సామాన్ల కొట్టుకి వెళ్ళాను. తలుపు తనంతట తనే తెరుచుకుంది. లోపల దీపాలు ఎంత వెలుగంటే, నా చేతి మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. అడుగు పెట్టానో లేదో ఎవరో గాల్లోకి సెంటు కొట్టారు, నాకు వరసగా నాలుగు తుమ్ములు. టై కట్టుకున్న మేనేజరు ఎదురొచ్చాడు. మొహం ముడివేసినట్టు ఉంటుంది, నవ్వినా ఆ ముడి విడదు.

"రండి మేడమ్. మీకోసమే వచ్చింది ఈ క్రీము. రాత్రి రాసుకుంటే నెలలో పదేళ్ళు తగ్గిపోతారు."

"పదేళ్ళు తగ్గితే మా ఆయన మళ్ళీ బతికొస్తాడు నాయనా. ఆ చారులో ఉప్పు తక్కువైందనే గోల మళ్ళీ నేను పడలేను. వద్దులే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే పెదాల రంగుల బల్ల దగ్గర ఒక పిల్ల. నవ్వు ఆపుకోవడానికి మొహం దించుకుంది గానీ బుగ్గల్లో సొట్టలు దాగలేదు. నేను నేరుగా దాని దగ్గరికే వెళ్ళాను. ఆ రోజు నుంచి నాకు తను సొట్టబుగ్గే. అసలు పేరు చొక్కా మీద చిన్న బిళ్ళలో రాసి ఉండేది, చిన్న అక్షరాలు, నా కళ్ళకి ఆనేవి కావు. ఒక్కసారైనా అడగలేదు.

"ఎవరికి మేడమ్?" అంది నేను చాపిన పాత గొట్టం తీసుకుని.

"మా అమ్మాయికి."

"ఈ అడుగున ఉండే నంబరు చెరిగిపోయింది. ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి. మనిషిని చూస్తే ఇట్టే చెప్పేస్తాను."

నేను గొట్టం వెనక్కి తీసుకుని మూత పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. "తను రాదమ్మా," అన్నాను.

కొట్లలో పనిచేసేవాళ్ళు సాధారణంగా ఇలాంటప్పుడు "అయ్యో సారీ మేడమ్" అని, పక్కనే ఇంకో సామాను చూపిస్తారు. ఆ పిల్ల అలా అనలేదు. ఎత్తు పీట ఒకటి లాగి నన్ను కూర్చోబెట్టింది. నా ఎడమచెయ్యి తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టుకుంది. కొట్లో ఉన్న ఇటుక జాతి రంగులన్నీ తీసి, ఒక్కొక్కటే చేతి మీద గీత గీసింది. ఏడు గీతలు. గొట్టంలో ముక్కని తాకకుండా పక్కన పెట్టి చూసింది. ఏదీ కలవలేదు. ఒకటి బాగా ఎరుపు, ఒకటి మట్టి, ఒకటి బెల్లం.

"ఈ రంగు కంపెనీవాళ్ళు ఆపేసినట్టున్నారు. బుధవారం బుధవారం కొత్త సరుకు వస్తుంది. గురువారం రండి, వెతుకుదాం," అని దూది తడిపి గీతలు తుడిచింది. నా చర్మం ఎక్కడ చిరుగుతుందో అన్నట్టు తుడిచింది. నా చెయ్యి ఎవరైనా అంతసేపు పట్టుకుని ఎన్నాళ్ళయిందో!

లేచి వస్తుంటే, "వెళ్ళేముందు మీకెలా ఉందో ఒకటి నొక్కండి అమ్మమ్మా," అంది. మేడమ్ పోయి అమ్మమ్మ అయ్యాను.

బల్ల చివర ఒక చిన్న మిషను ఉంది. దాని మీద మూడు గుండ్రటి మొహాలు. ఆకుపచ్చది నవ్వుతోంది. మధ్యలో పసుపుది మూతి బిగించుకుని ఉంది. ఎర్రది ఏడుస్తోంది, కంట్లోంచి ఒక చుక్క కూడా వేశారు దానికి. పైన ఇంకేదో రాసి ఉంది. నాకు చదువు మూడో తరగతి, అదీ కళ్ళజోడు ఉంటేనే. చదవాల్సిన అవసరం ఏముంది, మొహాలు కనబడుతూనే ఉన్నాయి కదా.

మీకెలా ఉంది, అని అడిగింది ఆ పిల్ల.

మా ఇంట్లో ఎవరూ అడగరు. నేను మా చిన్నదాని మాట ఎత్తితే మా పెద్దాడు టీవీ పెడతాడు. కోడలు మంచిదే, కానీ అత్తయ్య ఏడుస్తారని దాని ఫోటో తీసి బీరువాలో చీరల కింద పెట్టేసింది. నేను దిగులుగా కూర్చుంటే కాఫీ ఇస్తారు. రోజుకి ఐదు కాఫీలు తాగుతున్నాను, ఒక్కరూ ఎలా ఉందని అడగరు. అలాంటిది ఊరూపేరూ తెలియని పిల్ల అడిగింది. అబద్ధం ఎందుకు చెప్తాను? ఏడుపు మొహాన్ని వేలు పెట్టి గట్టిగా నొక్కాను. మిషను టింగుమని, తియ్యటి ఆడగొంతుతో "ధన్యవాదాలు" అంది. గుండెల్లో బరువు కాస్త దిగినట్టయింది.

ఇక ప్రతి గురువారం పదకొండింటికి అక్కడే నేను.

ఆ పిల్ల నాకోసం పీట తుడిచి ఉంచేది. తను మాత్రం కూర్చోకూడదట. పీట కొనేవాళ్ళకే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. మడమలు వాచిపోయి ఉండేవి.

"గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకోవే," అంటే, "ఇంటికెళ్ళేసరికి మా అమ్మ కూడా కాళ్ళు పట్టుకునే కూర్చునుంటుంది అమ్మమ్మా. ఉన్నది ఒకటే బకెట్టు. చెల్లి పరీక్షలు చదువుకుంటూ ఆ ఒక్క బకెట్టూ మా ఇద్దరికీ సర్దుతుంది," అని నవ్వేది. ఆ ఇల్లంతా తన సంపాదన మీదే నడుస్తుందని అర్థమయ్యేది. ఎప్పుడూ అలా చెప్పుకోలేదు గానీ.

రెండో గురువారమే అంతా చెప్పేశాను. గులాబీ రంగు సంగతి, చేతిరుమాలు సంగతి. ఆ పిల్ల నా చేతి మీద రంగు గీస్తూ గీస్తూ ఆగి, "ఆవిడ 'ఇ' అనేటప్పుడు పెదాలు ఎలా పెట్టేది?" అని అడిగింది. నేను పెట్టి చూపించాను. "రంగు ఎండలో చూసేవారా, దీపం కింద చూసేవారా?" అంది. ఎండలో, వీధి గుమ్మంలో, ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు. అప్పటినుంచి రంగు గీసినప్పుడల్లా నన్ను కిటికీ అద్దం దగ్గరికి నడిపించుకెళ్ళి ఎండలో చూసేది. మేనేజరు అటునుంచి గొంతు సవరించుకునేవాడు. "ఇదిగో వస్తున్నా సర్," అని, నాతో మెల్లిగా, "ఆయనకి పుట్టినప్పటినుంచి జలుబు," అనేది.

కొత్త సరుకులో రంగు దొరకలేదు. ఐదో వారమో ఆరో వారమో తనకే తట్టింది. చిన్న ఇనుప రేకు మీద రెండు మూడు రంగులు గీకి, పుల్లతో కలిపి చూడటం మొదలుపెట్టింది. ఒకసారి ఎరుపు ఎక్కువైంది, ఒకసారి నలుపు తిరిగింది. "వంట కంటే కష్టంగా ఉందే," అన్నాను. "వంటయితే మాడిందని పారెయ్యొచ్చు అమ్మమ్మా, ఇది అలా కాదుగా," అంది. ఆ పనికి దానికి ఒరిగేదేమీ లేదు. నేను ఒక్కటీ కొనలేదు, కొనిపించాలని తనూ చూడలేదు.

వచ్చేటప్పుడు ప్రతిసారీ ఆ మాట అనేది, "మీకెలా ఉందో నొక్కండి." నేను ప్రతిసారీ ఏడుపు మొహాన్నే నొక్కేదాన్ని. ఒక గురువారం మనసు కాస్త తేలిగ్గా ఉంది, ఆ వారం తను కలిపిన రంగు చాలా దగ్గరికి వచ్చింది. పసుపుది నొక్కుదామా అనుకున్నాను. మళ్ళీ, అప్పుడే తేలికపడితే మా చిన్నది ఏమనుకుంటుందోనని ఎర్రదే నొక్కాను. తను చూస్తూనే ఉంది. నవ్వి చెయ్యి ఊపింది.

తొమ్మిది గురువారాలు అలా గడిచాయి. పదోసారి వెళ్ళేసరికి బల్ల వెనక వేరే పిల్ల ఉంది.

"తను రాలేదా ఇవాళ?" అన్నాను.

"ఎవరు మేడమ్?"

"సొట్టలు పడే పిల్ల."

ఆ అమ్మాయి మేనేజరు వైపు చూసింది. అతను వచ్చాడు. "ఆవిడ మానేసింది మేడమ్. అంటే, తీసేశాం. కస్టమర్లని సరిగా చూసుకోవట్లేదని బాగా కంప్లయింట్లు వచ్చాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటి సంగతి చెప్పాను కదా, గోడ కడితే తప్ప ఆగదు. కొట్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేలా అరిచాను.

"ఆ పిల్ల మీదా? ఎవరా పాపిష్టివాళ్ళు? వాళ్ళ చేతులు పడిపోను! ఒంటికాలి మీద నిలబడి చాకిరీ చేసే పిల్ల మీద నేరాలు చెప్పడానికి నోరెలా వచ్చింది? పిలిపించు, ఎవరో నా ముందు నిలబెట్టు, నేను అడుగుతాను!"

"నోటితో కాదు మేడమ్. ఆ మిషనులో నొక్కుతారు కదా." అతను తన చేతిలో ఉన్న పలకలాంటి ఫోను నా కళ్ళముందు పెట్టాడు. గళ్ళు గళ్ళుగా ఉంది. "ఒక్కో బల్లకి ఒక్కో మిషను. నచ్చినవాళ్ళు ఎవరూ నొక్కరు, నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. నొక్కేవాళ్ళే తక్కువ. ఇదిగో, ఈవిడ బల్లకి రెండు నెలల్లో ఆకుపచ్చవి నాలుగు, ఎర్రవి తొమ్మిది. అన్నీ గురువారాలే. పన్నెండు కొట్టే లోపలే. ఎవరో ఒకే కస్టమరు పగబట్టినట్టున్నారు. మేమేం చేస్తాం, పై ఆఫీసువాళ్ళు అంకెలే చూస్తారు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆ ఎర్ర చుక్కలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. నా కుడిచేతి చూపుడువేలు నాకే తెలియకుండా మడుచుకుపోయింది.

"అది... మనకెలా ఉందో చెప్పేది కాదా?" అన్నాను.

"మా సర్వీసు ఎలా ఉందో చెప్పేది మేడమ్."

"నేనే బాబూ. ఆ తొమ్మిదీ నేనే. నా కూతురు పోయింది. ఎలా ఉందని అడిగితే నొక్కాను. ఆ పిల్ల బంగారం. నేను రాసిస్తాను, వేలిముద్ర వేస్తాను, ఏది కావాలంటే అది చేస్తాను. దాన్ని పిలవండి."

అతని మొహంలో ముడి మొట్టమొదటిసారి కాస్త వదులైంది. చాలాసేపు టై సర్దుకున్నాడు. "శనివారమే కాగితాల మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది మేడమ్. ఆ చోటులో వేరేవాళ్ళని తీసేసుకున్నాం. ఒకసారి పై ఆఫీసుకి వెళ్ళిన కాగితం మళ్ళీ కిందికి రాదు."

నేను మిషను దగ్గరికి వెళ్ళి నవ్వే మొహాన్ని నొక్కడం మొదలుపెట్టాను. ధన్యవాదాలు. ధన్యవాదాలు. ధన్యవాదాలు. ఎన్నిసార్లు నొక్కానో. కొత్త పిల్ల మెల్లిగా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గబగబా నొక్కితే ఒకటే తీసుకుంటుంది మేడమ్," అంది. ఆ ఒక్కటీ కూడా ఇప్పుడు ఈ పిల్ల ఖాతాలోకే పోతుంది కదా.

ఏడుపు మొహం నొక్కినప్పుడు కూడా అదే గొంతు, అదే తియ్యదనం. ఒక్కసారైనా "అమ్మా, ఏమైంది?" అని అడిగి ఉంటే తెలిసేది నాకు.

బయటికొస్తే తలుపు దగ్గర ఉండే కాపలాదారు నా వెనకాలే వచ్చాడు. నెరిసిన మీసాలు, నా పెద్దాడి కంటే నాలుగేళ్ళు పెద్దవాడై ఉంటాడు.

"పెద్దమ్మా, మీరు గురువారం వస్తారని ఆ అమ్మాయి ఇది ఇచ్చి వెళ్ళింది." జేబులోంచి చిన్న గాజు డబ్బీ తీశాడు. కాటుక డబ్బీ అంత ఉంది. "రెండు మూడు రోజులు మధ్యాహ్నం తిండి మానేసి కూర్చుని కలిపింది."

డబ్బీ పట్టుకున్నాను గానీ మూత తియ్యలేదు. "నేనే నొక్కానని దానికి తెలుసా నాయనా?"

అతను రోడ్డు వైపు చూశాడు. "అందరికీ తెలుసు పెద్దమ్మా. మేనేజరు మీరు నొక్కి వెళ్ళే వేళకి టీకి వెళ్తాడు, ఆయన ఒక్కడికే తెలీదు. ఏది నొక్కాలో మేం చెప్పకూడదు, చెప్పామంటే కెమెరాలో దొరికిపోతాం. అయినా నేను అన్నాను, నువ్వు చెప్పలేకపోతే నేను బయట చెప్తానే అని."

"ఏమంది?"

"వద్దు అన్నా, అంది. ఆవిడ నా గురించి నొక్కట్లేదు, ఆవిడకి ఎలా ఉందో అది నొక్కుతోంది. ఇంట్లో నొక్కే చోటు లేనట్టుంది, ఇక్కడన్నా నొక్కనీ, అంది. ఉద్యోగం దాకా వస్తుందని అప్పుడు తనూ అనుకోలేదులెండి."

నేను డబ్బీ కొంగున ముడేసుకున్నాను. ఎండ మాడుస్తోంది. "ఇల్లెక్కడ దానిది?"

"ఖాళీ చేసేశారు పెద్దమ్మా. వాళ్ళ పిన్ని ఉండే ఊరికి వెళ్తున్నామంది. ఏ ఊరో చెప్పలేదు. నేనూ ఫోను చేశాను, ఆ నంబరు పనిచెయ్యట్లేదు."

"పేరేమిటి?" అని అడగబోయాను. తొమ్మిది వారాలు నా చెయ్యి తన చేతిలో పెట్టి కూర్చున్నదాన్ని, ఇప్పుడు ఇతన్ని పేరు అడగడానికి సిగ్గేసి నోరు రాలేదు.

ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసుకుని అద్దం ముందు కూర్చున్నాను. కిటికీ తెర తీసి ఎండ లోపలికి రానిచ్చాను, తను నేర్పినట్టే. డబ్బీ మూత తీస్తే, వానలో తడిసి ఆరిన ఇటుక. వేలితో తీసి పెదాలకి పూసుకున్నాను. లోపలికి మడిచి, అదిమి, వదిలాను.

వచ్చింది మా చిన్నది. ఎడమపక్కకి వాలిన కింది పెదవి, ఆసుపత్రికి వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి చూసే నోరు. ఏడాదిన్నరగా కళ్ళలో ఇరుక్కున్న ఆ గులాబీ మొహం ఎటు పోయిందో పోయింది. ఇన్నాళ్ళూ దేనికోసం తిరిగానో అది నా ఎదురుగా ఉంది. నేను మాత్రం నిమిషం కూడా చూడలేకపోయాను. పూసిన వేలు కనబడుతోంది అద్దంలో. ఆ తొమ్మిదిసార్లూ నొక్కింది ఆ వేలే.

తలుపు తోసుకుని కోడలు కాఫీ పట్టుకొచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అరుస్తుందనుకున్నాను, నవ్వుతుందనుకున్నాను. కాఫీ కింద పెట్టి, బీరువా తెరిచి, చీరల కిందనుంచి ఫోటో తీసుకొచ్చి అద్దానికి ఆనించి పెట్టింది. నా పక్కన నేల మీద కూలబడింది.

"ఎలా ఉంది అత్తయ్యా మీకు?" అంది.

ఎన్నాళ్ళు ఎదురుచూశాను ఈ మాట కోసం. చెప్పడానికి ఎంత దాచుకున్నాను. నోరు తెరిచాను. తీరా చూస్తే మా చిన్నదాని గురించి ఒక్క మాటా రాలేదు.

"ఆ పిల్లకి మడమలు వాస్తాయే," అన్నాను. "ఇంట్లో ఒకటే బకెట్టు."

"ఏ పిల్ల అత్తయ్యా?" అంది కోడలు, నా చెయ్యి పట్టుకుని.

పేరు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ కొట్లో నిలబడి ఉందో.